హ్యాండిల్ ఎవరి చేతిలో విరిగితేనేం?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఇంట్లో కారు ఎక్కువగా నడిపేది ఆవిడే. డ్రైవర్ వైపు తలుపు బయటి హ్యాండిల్ విరిగింది. గుప్పిట్లో పట్టుకుని లాగే రకం అది. ముందు చివర ఊడి వేలాడుతోంది, వెనక చివర మాత్రం ఇంకా పట్టుకుని ఉంది. అప్పటినుంచి ఆవిడ పక్క సీటు వైపు నుంచి ఎక్కి, గేర్ రాడ్ దాటుకుని డ్రైవర్ సీట్లోకి జరుగుతున్నారు. ఓపిక లేనప్పుడు వెనక తలుపు తీసి, లోపలినుంచి చెయ్యి చాపి ముందు తలుపు తెరుచుకుంటున్నారు.

విరిగింది భర్త చేతిలో. "నువ్వు రిమోట్ నొక్కడం ఆలస్యం చేశావు, అందుకే విరిగింది" అని ఆయన. "నొక్కేదాకా ఆగకుండా గుంజింది మీరు" అని ఈవిడ. ఈ మాటే ఒకసారి బంధువుల ముందు నవ్వుతూ అన్నారట. ఆయనకి గుచ్చుకుంది. ఇప్పుడు కారు ఊసెత్తితే చాలు, ఇంట్లో టెన్షన్. ఈలోగా ఆవిడ ఆన్‌లైన్‌లో కొత్త హ్యాండిల్ తెప్పించారు. రంగు వేయనిది వచ్చింది, డిక్కీలో పడి ఉంది. వీడియోలు కూడా చూశారు. ఒకాయన పది నిమిషాల పని అన్నాడు, ఇంకొకాయన తలుపు లోపలి భాగమంతా ఊడదీసి నేలమీద పరిచాడు. "చివరికి గ్యారేజీకే పోవాలి, ఖర్చు రెండింతలవుతుంది" అని భర్త అంటున్నారు. మరిది చేసిపెడతానంటాడు గానీ రాడు.

"నాకు స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు. కుళాయి వాషర్ నేనే మారుస్తాను. కానీ కారు తలుపంటే భయం. అద్దం లోపలికి జారిపోతే? తలుపు ఇంక తెరుచుకోకపోతే? సగంలో ఆగిపోతే ఇంట్లో ఆ మాట జన్మంతా వినాలి. ఇంకొకటి, ఇది పనికొస్తుందో లేదో తెలియదు. విరగడానికి కొన్ని వారాల ముందునుంచే హ్యాండిల్ గట్టిగా ఉండేది. ఒక్కోసారి రెండోసారి లాగితేగాని తలుపు వచ్చేది కాదు" అని ముగించారు.

సమాధానం:

పనికొస్తుందో లేదో అంటూ మీరు చివర్లో రాసిన ఆ రెండు వాక్యాలే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చాయి. అక్కడినుంచే మొదలుపెడదాం.

తలుపుని పట్టి ఉంచేది హ్యాండిల్ కాదు, తలుపు అంచులో ఉండే లాక్. ఆ లాక్‌లోని పంజా లాంటి ఇనుప ముక్క, కారు స్తంభానికి బిగించిన కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. మీరు హ్యాండిల్ లాగితే దాని వెనక చివర తలుపు లోపల ఒక లీవర్‌ని కదుపుతుంది. లీవర్ ఒక సన్నటి రాడ్‌నో కేబుల్‌నో లాగుతుంది. అప్పుడు పంజా వదులుతుంది. లాక్‌లో గ్రీజు ఎండి దుమ్ము పట్టినా, తలుపు కాస్త వాలి ఆ బరువు కొక్కెం మీద పడినా పంజా తేలిగ్గా వదలదు. మన చెయ్యి తెలియకుండానే ఎక్కువ బలం పెడుతుంది. ఇనుప లాక్‌కి ఏమీ కాదు. ఏళ్లుగా ఎండకి ఎండి పెళుసెక్కిన ప్లాస్టిక్ హ్యాండిలే ఆ బలమంతా మోస్తుంది. మీ హ్యాండిల్ ఆ రోజు ఒక్కసారిగా విరిగిందని నేననుకోను. రెండేసి సార్లు లాగిన ఆ వారాల్లోనే ఎక్కడో సన్నగా చీలి ఉంటుంది.

కాబట్టి మీ ఇద్దరి వాదనలోనూ కొంచెం కొంచెం నిజముంది. రిమోట్‌తో తాళం వేసి ఉన్నప్పుడు కొన్ని కార్లలో హ్యాండిల్ ఊరికే వదులుగా కదులుతుంది, కొన్నిటిలో బిగుసుకుని ఉంటుంది. బిగుసుకునే రకమైతే, రిమోట్ నొక్కకముందు లాగితే దాని మీద భారం పడే మాట వాస్తవమే. కానీ చీలిక లేని మంచి హ్యాండిల్ మామూలుగా ఒక్క లాగుడికి విరగదు. ఆ రోజు ఆయన చేతిలో విరగకపోతే, ఇంకో వారానికి మీ చేతిలో విరిగేది.

ఇందులోంచి మీకు కావలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ గట్టిదనం సంగతి తేల్చకుండా కొత్త హ్యాండిల్ బిగిస్తే, అదీ ఇదే దారి పడుతుంది. అప్పుడు "చెప్పానా" అనే మాట తప్పదు. కాబట్టి డిక్కీలోని పెట్టె విప్పేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. దీనికి ఏదీ ఊడదీయక్కర్లేదు.

లోపలినుంచి తలుపు తెరిచి, బార్లా తీసి ఉంచండి. తలుపు అంచులో లాక్ పంజా కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ కడ్డీని కొక్కెంలా ఆ సందులో పెట్టి పంజాని లోపలికి నెట్టండి. రెండుసార్లు టక్కుమంటుంది. మొదటిది సగం పడటం, రెండోది పూర్తిగా పడటం. తలుపు సరిగ్గా పడకపోయినా నడుస్తుండగా ఊడి తెరుచుకోకూడదని పెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు లోపలి హ్యాండిల్ లాగండి. పంజా చటుక్కున విడిపోవాలి. ఒక హెచ్చరిక: పంజా మూసుకుని ఉండగా తలుపు వేయకండి. అది వెళ్లి కొక్కేనికి కొట్టుకుంటుంది, రెండూ పాడవుతాయి.

తలుపు తెరిచి ఉన్నప్పుడు కూడా పంజా బద్ధకంగా కదులుతుంటే తప్పు లాక్‌దే. పాత జిడ్డు కరిగించే స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, తెల్లని లిథియం గ్రీజు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో మూస్తూ హ్యాండిల్‌తో విడిపిస్తూ పదిపదిహేను సార్లు ఆడించండి. చాలా లాక్‌లు దీనితోనే దారికొస్తాయి. స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేయమనేవాళ్ల మాట వినకండి. స్ప్రే జిడ్డుని కడుగుతుంది గానీ గ్రీజులా నిలవదు.

తెరిచి ఉన్నప్పుడు హాయిగా కదిలి, మూసినప్పుడే గట్టిగా వస్తుంటే గొడవ లాక్‌ది కాదు, తలుపు కూర్చునే తీరుది. కొక్కేన్ని చూడండి. ఒకవైపే అరిగి మెరుస్తోందా? తలుపు చివర పట్టుకుని పైకెత్తితే కీళ్ల దగ్గర ఆట ఉందా? అలా ఉంటే కొక్కెం స్థానమో కీళ్లో సరిచేయాలి. అది మెకానిక్‌కి వదిలేయమంటాను. కొక్కేన్ని కాస్త అటూ ఇటూ జరిపితే తలుపు మొత్తం తప్పుగా కూర్చుంటుంది, దాన్ని తిరిగి కుదర్చడానికి చేయి తిరిగి ఉండాలి.

ఇక మీ ముందున్న దారుల సంగతి.

ఇప్పుడున్నట్టే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. గేర్ రాడ్ దాటడం నడుముకి మంచిది కాదన్నది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, ఏదైనా ప్రమాదం జరిగి మీరు సీట్లో ఇరుక్కుంటే బయటివాళ్లు మీ తలుపు తీయలేరు. బయటి హ్యాండిల్ ఉన్నది మీరు ఎక్కడానికి మాత్రమే కాదు, మిమ్మల్ని ఎవరైనా దించడానికి కూడా. హ్యాండిల్ ఊడిన చోట నీళ్లు పోతే తలుపు కింద ఉండే రంధ్రాల్లోంచి బయటికి వచ్చేస్తాయి, దానికి కంగారక్కర్లేదు, టేపు వేసుకుంటే చాలు. కానీ నెలల తరబడి ఇలా నడపకండి.

గ్యారేజీకి ఇవ్వడంలో చిన్నతనమేమీ లేదు. సగం రోజులో అయిపోతుంది. పని తేడా వస్తే వాళ్లే చూసుకుంటారు. మీరు తెచ్చిన హ్యాండిల్ బిగించమంటే మాత్రం కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నా, "సామాను మీది, దానికి మా పూచీ లేదు" అంటారు. అది న్యాయమే. కారు ఇంకా వారంటీలో ఉంటే మాత్రం ఏదీ ముట్టుకోకముందే సర్వీస్ సెంటర్‌లో అడగండి.

మీరే చేసుకోవడం మూడో దారి. మీ ఉత్తరం చదివితే మీ మనసు ఇటే ఉందని తెలుస్తోంది. మీరు చూసిన వీడియోల్లో ఇద్దరూ నిజమే చెప్పారు. మీ తలుపులో విరిగింది ఏది అన్నదాన్ని బట్టి ఇది చిన్న పనో పెద్ద పనో అవుతుంది.

మీరు వర్ణించిన రకం హ్యాండిల్‌లో రెండు భాగాలుంటాయి. చేత్తో పట్టుకునేది ఒకటి. దాని వెనక, తాళంచెవి రంధ్రం ఉండే చిన్న మూత ఇంకొకటి. ఈ రెండూ తలుపు రేకు వెనక దాగి ఉన్న ఒక ఫ్రేములో కూర్చుంటాయి. విరిగింది హ్యాండిల్ ముందు కొస మాత్రమే అయితే, ఇలాంటి చాలా కార్లలో డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలివైపు కవరు, ఊడదీసే పనే ఉండదు. ఆ కొస కూర్చునే ఫ్రేము గాడి విరిగితే మాత్రం ప్యాడ్ తీయక తప్పదు. హ్యాండిల్ కాస్త పక్కకి జరిపి, ఫోన్ లైటుతో ఆ రంధ్రంలోకి చూడండి. గాడి నిండుగా ఉందా, అంచు ఎగిరిపోయిందా? వేలాడుతున్న విరిగిన కొసని కొత్త హ్యాండిల్ పక్కన పెట్టి పోల్చినా తెలిసిపోతుంది.

గాడి బాగానే ఉందనుకుందాం. ముందు కొత్త హ్యాండిల్ మీ కారుదేనా అన్నది చూసుకోండి. ఎడమ, కుడి అనేవి డ్రైవర్ సీట్లో ముందుకి చూస్తూ కూర్చున్నవాళ్లకి వర్తించే లెక్క, కారుకి ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి కాదు. ఆన్‌లైన్‌లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అలాగే తాళం రంధ్రం మూతతో కలిపి వచ్చిందా, హ్యాండిల్ ఒక్కటే వచ్చిందా చూడండి. తాళం సిలిండర్ మాత్రం పాతదే ఉంచుకోవాలి. కొత్తది పెడితే ఆ తలుపుకి ఇంకో తాళంచెవి మొయ్యాల్సి వస్తుంది. తాళంచెవి జేబులో ఉండగానే హ్యాండిల్ తాకితే తెరుచుకునే కారైతే హ్యాండిల్‌లోకి వైరు ఉంటుంది. వైరు లేని హ్యాండిల్ తెప్పించి ఉంటే ఆ సౌకర్యం పోతుంది.

రంగు ఇప్పుడే వేయించకండి. ముందు ఒట్టిగా బిగించి చూడండి. రంగు పడ్డాక ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. సరిపోయిందని తేలాక, కారు రంగు కోడ్ చూసి పెయింటర్‌కి ఇస్తే కలిపి వేస్తాడు. చాలా కార్లలో ఆ కోడ్ తలుపు స్తంభం మీదో బానెట్ కిందో ఉన్న ప్లేటు మీద ఉంటుంది. నల్లగానే ఉంచేసినా నష్టం లేదు, మీ కళ్లకి ఇబ్బంది లేకపోతే.

పని ఇలా ఉంటుంది. డ్రైవర్ అద్దం పూర్తిగా పైకెత్తండి. వేరే తలుపు అద్దం ఒకటి దించి ఉంచండి, తాళంచెవి జేబులో వేసుకోండి. ఇక ఎలాంటి పరిస్థితిలోనూ కారు బయట చిక్కుకుపోరు. హ్యాండిల్ చుట్టూ రేకుకి గీతలు పడకుండా టేపు అంటించండి. తలుపు అంచులో, లాక్‌కి కాస్త పైన, ఒక చిన్న రబ్బరు మూత ఉంటుంది. దాన్ని గోటితో తీస్తే లోపల స్క్రూ కనిపిస్తుంది. చాలాసార్లు నక్షత్రం ఆకారపు తల ఉండేది, టోర్క్స్ అంటారు. సరైన సైజు బిట్ లేకుండా మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించకండి. తల అరిగిపోతే చిన్న పని పెద్దదవుతుంది. స్క్రూని పూర్తిగా బయటికి తీయకండి, మూత వదులయ్యేదాకా తిప్పితే చాలు. కొన్ని కార్లలో స్క్రూ తిప్పేటప్పుడు హ్యాండిల్‌ని బయటికి లాగి పట్టుకోవాలి. మీ మోడల్ వీడియో ఈ ఒక్క చోట జాగ్రత్తగా చూడండి.

తాళం రంధ్రం మూత నేరుగా బయటికి వస్తుంది. దాని వెనక సన్నటి పట్టీలాంటి తోక ఉంటే, అది ఏ కోణంలో ఉందో ఫోటో తీసుకోండి. మళ్ళీ అదే కోణంలో వెళ్లాలి. ఇప్పుడు పాత హ్యాండిల్‌ని వెనక్కి జరిపితే వచ్చేస్తుంది. రెండు చివరల కింద ఉండే పల్చటి రబ్బరు ముక్కలు పారేయకండి. కొత్తదానితో రాకపోతే అవే వాడాలి, లేకపోతే రేకు మీద ప్లాస్టిక్ రాసుకుంటుంది. విరిగిన ముక్క తలుపు లోపల పడిపోయి ఉంటే మాత్రం వెతికి తీయండి. కదిలే భాగాల మధ్య ఇరుక్కుంటే కొత్త హ్యాండిల్‌కీ అదే అడ్డు.

కొత్తది బిగించేముందు, ఆ రంధ్రంలోంచి వేలితో లోపలి లీవర్‌ని కదిపి చూడండి. ఇందాక లోపలి హ్యాండిల్‌తో చేసిన పరీక్ష బయటి దారిని పరీక్షించలేదు, ఆ రెండిటి రాడ్‌లూ కేబుల్‌లూ వేరు. లీవర్ తేలిగ్గా కదిలి, స్ప్రింగ్‌తో తనంతట తనే వెనక్కి రావాలి. తర్వాత ముందు కొసని గాడిలో పెట్టి, హ్యాండిల్ వెనక చివర ఉండే వంపుని లీవర్ వెనక్కి చేర్చి, మూత పెట్టి స్క్రూ బిగించడమే.

తలుపు మాత్రం అప్పుడే వేయకండి. మీ మూడు భయాల్లో తలుపు తెరుచుకోకపోవడం ఒక్కటే నిజంగా భయపడాల్సింది, దానికి మందు ఇక్కడే ఉంది. తలుపు తెరిచి ఉండగానే మళ్ళీ స్క్రూడ్రైవర్‌తో పంజాని రెండు టక్కులూ పడేదాకా మూయండి. బయటి హ్యాండిల్ లాగండి. విడిపోయిందా? మళ్ళీ మూసి లోపలి హ్యాండిల్‌తో విడిపించండి. మళ్ళీ మూసి, రిమోట్‌తో లాక్ వేసి తీసి చూడండి. తాళంచెవితో కూడా తిప్పి చూడండి. నాలుగూ పనిచేశాకే తలుపు వేయాలి. మూసిన తలుపులో ఏదైనా పట్టేస్తే, ప్యాడ్ విప్పడానికి కావలసిన స్క్రూలే అందని పరిస్థితి వస్తుంది.

అద్దం జారిపోవడం గురించి దిగులు వద్దు. ఈ పనిలో అద్దాన్ని పట్టి ఉంచే భాగాల జోలికే వెళ్లరు.

ఫ్రేము గాడే విరిగి ఉంటే కథ మారుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి, తీసేముందే పక్క అద్దం దించుకోవాలి. ప్యాడ్ స్క్రూలు లోపలి హ్యాండిల్ వెనకా, చెయ్యి ఆన్చే చోటా మూతల కింద దాగి ఉంటాయి. చుట్టూ క్లిప్పులు, వాటిలో ఒకటో రెండో విరగడం మామూలే. ప్యాడ్ వచ్చాక అద్దాల స్విచ్‌ల కనెక్టర్లు, లోపలి హ్యాండిల్ కేబుల్ విప్పాలి. దాని వెనక ఒక పల్చటి పొర అంటించి ఉంటుంది. అది చిరిగినా, తిరిగి సరిగ్గా అంటించకపోయినా, తలుపులోకి దిగిన నీళ్లు కారు లోపల కార్పెట్ మీదికి వస్తాయి. రేకు అంచులు బ్లేడులా కోస్తాయి, గ్లౌజులు తప్పనిసరి. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన సెన్సర్ తలుపులోనే ఉంటుంది. కనెక్టర్లు విప్పి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే హెచ్చరిక లైటు వెలిగి, ఆరకుండా ఉండిపోవచ్చు. చేయలేరని కాదు, కానీ మొదటిసారికి ఇది ఎక్కువ. గాడి విరిగిందని లైటు వేసి చూసినప్పుడే తేలితే అక్కడే ఆగి గ్యారేజీకి తీసుకెళ్లండి. ఏదీ విప్పలేదు కాబట్టి సగంలో ఆగినట్టు కాదు. ఫ్రేము కూడా పోయిందని ముందే చెప్పగలిగితే మెకానిక్‌కి కూడా వెతుకులాట తగ్గుతుంది. స్క్రూ తల అరగడం మొదలైనా, మూత తేలిగ్గా రాకపోయినా అదే మాట. ఈ పనిలో ఎక్కడా బలం అవసరం లేదు.

వెనక తలుపు హ్యాండిల్ విరిగిన మిగతా పాఠకులకి ఒక ముక్క: పిల్లల లాక్ వేసి ఉంటే లోపలి హ్యాండిల్ కూడా పనిచేయదు. లోపల, బయట రెండూ పోయి తలుపు మూసుకుపోతుంది. వెనక హ్యాండిల్ వదులైందనిపించిన రోజే ఆ లాక్ తీసేయండి.

ఇంటి సంగతికి వస్తే, మీరు ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నారో ఒకసారి మీలో మీరు చూసుకోండి. చేయడం ఇష్టమై చేస్తే సగంలో ఆగడం కష్టంగా ఉండదు. ఆయన మాట తప్పని నిరూపించడానికి చేస్తే, ఆగాల్సిన చోట ఆగరు, స్క్రూ తల అరిగిపోతున్నా తిప్పుతూనే ఉంటారు. నలుగురిలో అన్న మాట ఆయనకి గుచ్చుకుందని మీరే రాశారు. హ్యాండిల్ ముందునుంచే గట్టిగా వస్తోందన్న సంగతి ఆయనకి చెప్పండి. ఓటమి ఒప్పుకోవడంలా కాదు, కారు గురించి తెలిసిన విషయంలా చెప్పండి. ఆ పంజా పరీక్ష ఇద్దరూ కలిసి చేయండి. లాగేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఒకరు ఉంటే అది తేలిక కూడా. ఆయన రానంటే బలవంతం వద్దు, ఒక్కరే చేయగలిగిన పనే. మరిది కోసం మాత్రం ఎదురుచూడకండి.

గ్రీజు పెట్టాక, హ్యాండిల్ మార్చాక కూడా రెండోసారి లాగాల్సి వస్తుంటే, తలుపు కూర్చునే తీరు కూడా బాగానే ఉంటే, లాక్ మార్చాల్సిందే. అది ప్యాడ్ ఊడదీసే పని, సెంట్రల్ లాకింగ్ మోటార్ చాలా కార్లలో అందులోనే ఉంటుంది. అప్పుడు గ్యారేజీకి వెళ్తే, ఏ పరీక్షలో ఏం కనిపించిందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.